కుండ పొంగని రోజు

(మందస కొండల కింద ఒక గూడెంలో, కందికొత్తల పండగకి ముందు, పలాస, టెక్కలి, మెళియాపుట్టి వైపు నుంచి వచ్చిన ఆదివాసీ యువతతో మాట్లాడిన మాటలు ఇవి. చదువుకోడానికి వీలుగా అక్కడక్కడా సరిచేసి రాశాం.)



హక్కుల గురించి మాట్లాడతానని మీరు వచ్చుంటారు. మాట్లాడతాను గానీ, ముందు కుండ గురించి మాట్లాడతాను. నవ్వకండి. పండగ రేపనగా ఇప్పపువ్వు నానేసిన కుండలో ఒక్క బుడగ లేకపోతే ఏటి సేస్తారు? జీలుగు చెట్టుకి కట్టిన లొట్టిలో రాత్రంతా వాన పడిపోతే ఏటి సేస్తారు? ఈ ప్రశ్నకి మీ తాత ఒక జవాబు చెబుతాడు, మీరు వేరే జవాబు చెబుతారు. మీ జవాబు నాకు తెలుసు. బండి తీస్తారు. బెల్టు షాపుకో, సరిహద్దు అవతలి నుంచి ప్యాకెట్లు తెచ్చేవాడి దగ్గరికో వెళ్తారు. అరగంటలో పని అయిపోతుంది. ఆ అరగంట గురించే ఈ మాటలన్నీ.

తాగమని చెప్పడానికి రాలేదు. తాగనివాళ్లు తాగకుండానే ఉండండి, చిన్న గుంటలకి ఇవ్వకండి. కానీ మన దగ్గర పితరులకి ధార పోయకుండా పని మొదలవదు. పుట్టినా, పోయినా, కొత్త గింజ నోట్లో పెట్టుకున్నా దోసెడు కల్లో సారానో నేల మీద పడాల. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద లావుపాటి పుస్తకం వేశాడు. మన దేవతలకీ పితరులకీ జీలుగు కల్లు, ఇప్ప సారా ఎలా అర్పిస్తారో అందులో పేజీలకి పేజీలు రాశాడు. ఆయన రాశాడు కాబట్టి అది నిజమైందని కాదు. మన ముసలమ్మని అడిగినా అదే చెబుతుంది, పేజీలు లేకుండా.

సరే, కుండ దగ్గరికి వద్దాం.

కందికొత్తలు వచ్చే రోజులు చలి రోజులు. మహేంద్రగిరి మీద నుంచి దిగే చలి గూడెంలోకి వచ్చి కూర్చుంటుంది. పువ్వులో తీపి ఉంటుంది, ఆ తీపిని తిని మత్తుగా మార్చే సూక్ష్మజీవి ఉంటుంది. చదువుకున్నవాళ్లు దాన్ని ఈస్టు అంటారు. అది మన లాంటిదే, చలికి ముడుచుకుని పడుకుంటుంది. వేసవిలో మూడు నాలుగు రోజుల్లో పొంగే కుండ చలికాలంలో వారం దాటినా కదలదు. తొందరపడిన గుంటడు ఏం చేస్తాడు? ఇంకా బెల్లం పోస్తాడు. అది తప్పు మందు. పడుకున్నవాడి ముందు ఇంకో కంచం అన్నం పెట్టినట్టు. తీపి మరీ ఎక్కువైతే ఆ జీవి ఇంకా నీరసిస్తుంది కూడా.

పెద్దోళ్లు ఏం చేసేవారు? కుండని పొయ్యి పక్కకి జరిపేవారు. పొయ్యి మీదకి కాదు, పక్కకి. చుట్టూ వరిగడ్డి చుట్టి, పైన పాత గోనె కప్పి, రాత్రి పొయ్యిలో నిప్పు ఆరకుండా చూసుకునేవారు. అప్పటికీ కదలకపోతే, కల్లు లొట్టి అడుగున మిగిలే మడ్డి గరిటెడు తెచ్చి కలిపేవారు. ఆ మడ్డిలో బతికున్న ఈస్టు ఉంటుంది. పెరుగు తోడు లేకపోతే పక్కింటికి గిన్నె పట్టుకుని వెళ్తాం కదా, ఇదీ అంతే. అందుకే మన గూడేల్లో ఎవరి కుండ కదలకపోయినా అది ఆ ఒక్క ఇంటి బాధ అయ్యేది కాదు. మడ్డి ఇచ్చే ఇల్లు ఒకటి ఉండేది. ఇవాళ మడ్డి ఇచ్చే ఇల్లు వెతకడం కంటే బెల్టు షాపు వెతకడం సులువు, అదీ సంగతి.

ఇంకో మాట. మడ్డి కలిపేముందు వాసన చూసేవారు. పుల్లగా, పండు కుళ్లినట్టు ఉంటే పరవాలేదు. ముక్కు తిప్పుకునేలా ఉన్నా, పైన నల్లగానో పచ్చగానో బూజు తేలినా ఆ కుండ మొత్తం పెంటకుప్ప మీదకి. బూజు పట్టిన పువ్వుని ఆవుకి కూడా పెట్టకూడదు. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

ఇప్పపువ్వు అసలు తిండి అన్న సంగతి మీలో సగం మంది మరిచిపోయారు. మార్చి, ఏప్రిల్లో తెల్లారకముందే చెట్టు కింద పువ్వు రాలుతుంది. ఎలుగుబంటి రాకముందే వెళ్లి ఏరుకోవాల. ఆ పువ్వు ఎండబెడితే ఏడాది ఉంటుంది. కుండ పాడైపోతుందని ముందే అనుమానం వస్తే, నానబెట్టకుండా మిగిలిన పువ్వుని వేయించి నువ్వులతో దంచి ఉండలు చేసేవారు, చింతగింజలతో ఉడికించి తినేవారు. కరువులో ప్రాణం నిలబెట్టింది అదే. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్లు సంఘం పెట్టుకుని ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఎండు ఇప్పపువ్వుకి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2020లో కిలో 17 రూపాయల నుంచి 30కి పెరిగింది. మరి మన సంతలో దళారీ ఎంత ఇస్తున్నాడో మీరే వెళ్లి అడగండి.

ఇక జీలుగు. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే మీకు తెలియాల్సింది ఇక్కడే ఎక్కువ ఉంది.

జీలుగు చెట్టు పది పదిహేనేళ్లకి గానీ గెల వెయ్యదు. మొదటి గెల తలకాయ దగ్గర వేస్తుంది, తర్వాతది దాని కింద, ఆ తర్వాతది ఇంకా కింద. అలా దిగుతూ దిగుతూ చివరి గెల అయిపోగానే చెట్టు చచ్చిపోతుంది. తాడి చెట్టులా తాతల నుంచి మనవల దాకా ఇవ్వదు. అందుకే మనవాళ్లు జీలుగు చెట్టుని పొలం గట్టు కంటే జాగ్రత్తగా పంచుకునేవారు. ఫలానా చెట్టు ఫలానా ఇంటిది, కల్లు మాత్రం చెట్టు కింద కూర్చున్న అందరిదీ.

గీసిన గెల నుంచి దిగేటప్పుడు అది కల్లు కాదు, తీపి నీళ్లు. నీరా అంటారు. లొట్టిలో పడ్డ క్షణం నుంచే పులవడం మొదలు. పొద్దున్న దించింది పొద్దున్నే తాగితే తీపి, సాయంత్రానికి మత్తు, మర్నాటికి పులుపు, ఆ పైన వినెగర్. అంటే కల్లుకి గడియారం ఉంది. ఆ గడియారం తెలిస్తేనే పని చెడినప్పుడు ఏం చేయాలో తెలుస్తుంది.

పండగ నాలుగు రోజులు వాయిదా పడిందనుకోండి. ఎవరింట్లోనో చావు జరిగింది, ఊరంతా ఆగింది. చెట్టు ఆగుతుందా? పారుతూనే ఉంటుంది. అప్పుడు లొట్టి లోపల సున్నం పూస్తే పులవడం ఆగుతుంది. పొద్దున్నే దించి, వడగట్టి, వెడల్పు మూకుడులో కాస్తే బెల్లం అవుతుంది. ఇది ఎండ ఎక్కకముందే చేయాల. పులుపు తగిలాక ఎంత కాచినా గడ్డకట్టదు, జిగురు పాకంలా సాగుతుంది. సాగినా పారెయ్యక్కర్లేదు, అంబలిలో కలుపుకోవచ్చు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి నీరాతో, జీలుగు నీరాతో బెల్లం చేసే పద్ధతుల మీద ఏళ్ల తరబడి పని చేశారు. అది ప్రభుత్వ సంస్థే. మన కుర్రాళ్లు నలుగురు వెళ్లి నేర్చుకుని రావచ్చు.

పూర్తిగా పులిసిపోయిన కల్లు? కేరళలో అప్పం పిండిని కల్లు పోసే పులియబెడతారు. మనం బియ్యప్పిండిలోనో చోడిపిండిలోనో పోసి చూస్తే తప్పేముంది. ఇంకా పులిస్తే గుడ్డ కట్టి కుండలో వదిలెయ్యండి, వినెగర్ అవుతుంది. పచ్చడికి పనికొస్తుంది.

వాన పడిన లొట్టి సంగతి వేరు. నీళ్లు కలిసిన కల్లుకి మత్తు రాదు, తొందరగా పాడవుతుంది. దాన్ని ఆ పూటే తాగెయ్యాల, లేదా పారబొయ్యాల. దాచకూడదు. చీమలు, తేనెటీగలు పడ్డ కల్లుని జీలుగు మట్ట మొదట్లో ఉండే పీచుతో వడగట్టేవారు. మానుపిల్లి రాత్రి మూతి పెట్టిన లొట్టిని మాత్రం ముసలాళ్లు నవ్వుకుంటూ దానికే వదిలేసేవారు. పునుగుపిల్లి కల్లుకి ఎంత పడి చస్తుందో ఇంగ్లీషువాళ్లు దానికి కల్లు పిల్లి అనే పేరే పెట్టారు.

ఇప్పుడు నవ్వడం ఆపి వినండి.

2022 ఫిబ్రవరిలో రాజవొమ్మంగి మండలం లోదొడ్డిలో జీలుగు కల్లు తాగిన ఐదుగురు ఆదివాసీలు చనిపోయారు. కల్లులో పురుగుమందు కలిసిందన్న అనుమానంతో దర్యాప్తు జరిగింది. చెట్టు ఎవరినీ చంపలేదు. చెట్టు మీద కాపలా లేని లొట్టిలో ఏం పడిందో కింద ఉన్నవాడికి తెలియదు, అదే చంపింది. కాబట్టి ఎవరు గీశారో, ఎవరు దించారో తెలియని కల్లు ముట్టకండి. రంగు తేడాగా ఉన్నా, మందు వాసన కొట్టినా, నాలుక మీద చురుక్కుమన్నా ఉమ్మేసి, ఆ లొట్టి పక్కవాడికి కూడా అందకుండా బోర్లించండి. ‘పండగ పూట వృథా ఎందుకు’ అనేవాడు మీ మంచి కోరేవాడు కాడు.

కుండ పొంగనప్పుడు వ్యాపారి చేసే పనులు ఇంకా ఉన్నాయి. ఊటలో నవాసారం వేస్తాడు, యూరియా వేస్తాడు. ఘాటు వస్తుంది, కొన్నవాడు ‘అబ్బ, సరుకు బాగుంది’ అంటాడు. ఆ ఘాటు సారాది కాదు, మందుదీ ఎరువుదీ. తెలంగాణలో కల్లు చాలనప్పుడు నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపి అమ్ముతున్నారన్నది పాత గొడవే. అది అలవాటైనవాడు ఒక్కసారి మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, పిచ్చి పట్టినట్టు అవుతాడు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. హైదరాబాద్ నడిబొడ్డున, ఆసుపత్రుల మధ్యన. మన గూడెం నుంచి పలాస ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది?

మిథనాల్ గురించి ఒక ముక్క. పువ్వు పులిసినప్పుడు పుట్టే మిథనాల్ కొంచెమే. దేశంలో సారా తాగి పదులూ వందలూ చనిపోయిన ఘోరాల వెనక ఎక్కువగా ఉన్నది ఫ్యాక్టరీల నుంచి దొంగతనంగా వచ్చిన మిథనాల్. కళ్లు మసకబారితే, కడుపులో మెలిపెడితే, ఊపిరి ఆడకపోతే నిమ్మరసం, మజ్జిగ అంటూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి. ఏం తాగాడో డాక్టర్‌కి నిజం చెప్పండి. కేసు భయంతో అబద్ధం చెప్పి మనిషిని పోగొట్టుకోవద్దు.

కేసు భయం అన్నాను కదా. అక్కడికే వస్తున్నాను.

రంప కొండల్లో 1879లో తిరుగుబాటు ఎందుకు లేచిందో చదివారా? చాలా కారణాలున్నాయి గానీ, రగిలించింది కల్లు. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద మునసబుదారు చిగురు పన్ను వేశాడు. ఆబ్కారీ కౌలు మైదానపు గుత్తేదారుల చేతికి పోయింది. సొంత చెట్టు గీసుకోడానికి పరాయివాడికి డబ్బు కట్టాల్సి వచ్చింది. ఆ మార్చిలో పోలీసు ఠాణాల మీద దాడులు మొదలయ్యాయి. తమ్మన్నదొర, చంద్రయ్య లాంటివాళ్లు ముందు నిలిచారు. అంటే మన లొట్టి మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో తెల్లవాడికి అప్పుడే తెలుసు. అయినా 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం తెచ్చాడు. ఖజానా ముందు అనుభవం ఎక్కడ నిలుస్తుంది!

ఇప్పటి చట్టం ఏమంటోంది? 1968 నాటి ఆబ్కారీ చట్టం, 1995 నాటి మద్యనిషేధ చట్టం రెండూ ఉన్నాయి. వాటి కింద సారా కాస్తే నేరం, ఊట దొరికినా కేసు. కల్లు గీతకి లైసెన్సు ఉంది. ఇంకోపక్క 1996 పీసా చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకీ, సరైన స్థాయి పంచాయతీకీ ఉండాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. అంటే బెల్టు షాపు వద్దు అనే మాట గ్రామసభ చెప్పొచ్చు. మనింటి పండగ కుండ సంగతి ఏమిటన్నది కూడా గ్రామసభలోనే తేలాలని మనం అడగొచ్చు.

కానీ మెలిక చూడండి. మందస, మెళియాపుట్టి, పలాస మండలాల్లో మన సవర గూడేలు చాలా వరకు షెడ్యూల్డ్ ప్రాంతం జాబితాలో లేవు. మనుషులం ఆదివాసీలమే, కొండ అదే, దేవత అదే. అయినా జాబితాలో ఊరి పేరు లేదు కాబట్టి పీసా మనకి వర్తించదు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది, ఐటీడీఏ ఆఫీసు కూడా దానితోనే వెళ్లింది. మన ఊళ్లని షెడ్యూల్‌లో కలపాలన్న డిమాండ్ పోడు భూమి కోసం, ఉద్యోగాల కోసం మాత్రమే అనుకునేవాళ్లకి ఈ కుండని చూపించండి. ఒక కొండకి అటు ఉన్న ముసలమ్మకి చట్టంలో నోరు ఉంది, ఇటు ఉన్న ముసలమ్మకి లేదు.

వేరే రాష్ట్రాలు ఏం చేశాయో కూడా తెలుసుకోండి. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీ కుటుంబం సొంత వాడకానికి 5 లీటర్ల వరకు ఇప్ప సారా ఉంచుకోవచ్చు. మధ్యప్రదేశ్ 2022లో ఇప్ప సారాని వారసత్వ మద్యం అని విధానం తెచ్చి, ఆదివాసీ సంఘాల చేత తయారు చేయిస్తోంది. గోవా జీడిపండు ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2016లో అక్కడి ప్రభుత్వం దాన్ని వారసత్వ పానీయం అంది. వాళ్లది వారసత్వం, మనది ఐడీ లిక్కర్ కేసు. గోవా అనగానే నాకు ఉద్దానం గుర్తొస్తుంది, చెప్తాను.

ఉద్దానం అంటే కొబ్బరి, జీడి, పనస. అక్కడ కల్లు తాడిదీ ఈతదీ. గీసేవాళ్లు సెగిడి, యాత, శ్రీశయన కులాల అన్నదమ్ములు. మోకు, కత్తి, లొట్టి వాళ్ల ఆస్తి. మనకీ వాళ్లకీ కష్టం ఒకటే, ఈ మాట గట్టిగా చెప్పుకోవాల. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. గీయడానికి చెట్టే లేని రోజు అది. కుండ చెడితే ఇంకో కుండ, చెట్టు పడితే పదేళ్లు.

పలాసలో జీడిపప్పు వ్యాపారం ఎంత పెద్దదో మీకు చెప్పక్కర్లేదు, మీలో కొందరి అమ్మలు అక్కడ జీడిగింజలు కొట్టే పనికే పోతారు. గింజ తీసుకుని పండు పారేస్తారు. తోట కింద ఎర్రగా పసుపుగా కుళ్లిపోతుంది. ఆ పండు రసం గొంతు గీరుతుందని తాగరు. గంజి కలిపి కాసేపు వదిలితే ఆ వగరు అడుక్కి దిగిపోతుంది, పైది తేటగా వడగట్టుకోవచ్చు. ఆ పూటే తాగాల, ఇదీ కల్లు లాగే గడియారం ఉన్నదే. వేసవిలో పెళ్లి పెట్టుకుని కల్లు అందకపోతే, వచ్చినవాళ్లకి చల్లగా ఇదిచ్చి పంపొచ్చు. పితరులకి ధార మాత్రం ఒక్క ముంత చాలు, ఊరంతా తాగితేనే పండగ అని ఏ పెద్దా చెప్పలేదు.

ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి కూడా ఇందులోనే. దాని మూల కారణం ఇదీ అని పరిశోధకులు తేల్చలేదు. తాగేవాళ్లకీ వచ్చింది, ముట్టనివాళ్లకీ వచ్చింది. కాబట్టి జబ్బు వచ్చినవాడిని తాగుబోతు అని నింద వెయ్యకండి. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి, హిరమండలం నుంచి మంచినీళ్లు తెచ్చారు. అయితే తెలిసిన సంగతి ఒకటుంది. ఎండలో పని చేసి, నీళ్లు తాగకుండా సారా తాగి, ఒళ్లు నొప్పులని నొప్పి మాత్ర వేసుకుంటే కిడ్నీకి దెబ్బే. ఆ మూడూ ఒక్క రోజున కలపకండి. తోటల్లో కూలికెళ్లే మావలకి, బావలకి ఇది మీరే చెప్పాల.

ఆడవాళ్ల మాట చెప్పకుండా వెళ్తే మా అప్ప ఊరుకోదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకి ఎదురు తిరిగారు, 1993 అక్టోబర్ 1 నుంచి సారా ఆగింది, 1995లో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ ఆడవాళ్లు పోరాడింది పండగ కుండ మీద కాదు. కూలి డబ్బుని గుమ్మం దగ్గరే లాక్కునే గుత్తేదారు సారా మీద. మన గూడెంలో కూడా మొగుడు తాగి కొడితే ‘ఇది మన సంస్కృతి’ అని వాదించే మగాళ్లున్నారు. సంస్కృతి అంటే ధార పోసే చెయ్యి. కొట్టే చేతికి ఆ పేరు పెట్టకండి. కుండ ఎప్పుడు పెట్టాలో, ఎంత పెట్టాలో మన ఇళ్లలో చెప్పేది అవ్వే. ఆ మాట మగాళ్ల చేతికి, అక్కడి నుంచి షాపువాడి చేతికి పోయింది. మళ్లీ అవ్వ చేతికి ఇవ్వండి.

ఈ పండగకి పని ఇది. మీ మీ గూడేల్లో ఎన్ని జీలుగు చెట్లు మిగిలాయో లెక్క రాయండి, ఏది ఎన్నో గెలలో ఉందో కూడా. చెట్టు ఎక్కడం వచ్చిన ముసలాళ్లు ఎందరున్నారో రాయండి, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కుర్రాడు చేరాల. మడ్డి ఎవరింట్లో దొరుకుతుందో అడిగి పెట్టుకోండి. షెడ్యూల్‌లో లేని ఊళ్ల పేర్లన్నీ ఒక కాగితం మీదకి తెచ్చి, ఊరి పెద్దల వేలిముద్రలతో పంపండి, అర్జీ అందరం కలిసి ఇద్దాం. పండగకి కుండ కదలకపోతే ఆ ఒక్క ముంత పక్క గూడెం నుంచి తెచ్చుకోండి, వాళ్లకి మళ్లీ ఏడాది మీరివ్వండి.

జీలుగు పండ్లు దొరికితే గింజలు తీసి వాగు ఒడ్డున, నీడ ఉన్నచోట పాతండి. తీసేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోండి. ఆ గుజ్జు తగిలితే దురద చాలాసేపు వదలదు.